సైనికులపై నేతల మాటలు.. ఏది అవమానం, ఏది ప్రశ్న? విజయ్ షా కేసు నుంచి గల్వాన్ దాకా పూర్తి వివరాలు

సరిహద్దులో తుపాకులు ఆగాయి.. ఇక్కడ మైకులు మొదలయ్యాయి. 2025 మే 10 సాయంత్రం 5 గంటలకు భారత్, పాకిస్థాన్ మధ్య కాల్పుల విరమణ అమల్లోకి వచ్చింది. సరిగ్గా రెండు రోజులకు మధ్యప్రదేశ్‌లో ఒక మంత్రి సభలో మాట్లాడిన వీడియో ఫోన్లలో చక్కర్లు కొట్టింది. ఆ వారం తిరగకుండానే మరో ఇద్దరు పెద్ద నేతలు సైన్యం గురించి మాట్లాడి ఇరుక్కున్నారు. ఒకరు అధికార పార్టీ, ఒకరు ప్రతిపక్షం. నోరు జారడంలో మాత్రం పార్టీల తేడా లేదు.

యుద్ధం వచ్చిన ప్రతిసారీ ఈ రచ్చ కొత్తగా మొదలైనట్టే కనిపిస్తుంది. నిజానికి దీనికి పెద్ద చరిత్రే ఉంది. జవాన్‌ను కించపరిచే మాట వేరు, జవాన్ పేరుతో ఓట్లు అడగడం వేరు, ప్రభుత్వాన్ని నిలదీయడం వేరు. టీవీ డిబేట్లలో ఈ మూడూ ఒకే గాటన కట్టేస్తారు. చట్టం మాత్రం ఈ మూడింటినీ ఒకేలా చూడదు.

అసలు ఆ రోజు ఏం జరిగింది?

ఏప్రిల్ 22న పహల్గామ్‌లోని బైసరన్ లోయలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. మే 7 తెల్లవారుజామున ఆపరేషన్ సిందూర్ జరిగింది. పాకిస్థాన్, పాక్ ఆక్రమిత కశ్మీర్‌లోని 9 ఉగ్ర స్థావరాలపై దాడులు చేశారు. ఆ ఉదయం దేశానికి వివరాలు చెప్పింది ముగ్గురు.. విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీ, ఆర్మీ నుంచి కల్నల్ సోఫియా ఖురేషి, ఎయిర్‌ఫోర్స్ నుంచి వింగ్ కమాండర్ వ్యోమికా సింగ్.

సోఫియా సొంతూరు గుజరాత్‌లోని వడోదర. పనిచేసేది కోర్ ఆఫ్ సిగ్నల్స్‌లో. 2006లో కాంగోలో ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో ఉన్నారు. 2016లో పుణెలో 18 దేశాలు పాల్గొన్న సైనిక విన్యాసాల్లో భారత బృందాన్ని నడిపించారు. అలాంటి బృందానికి నాయకత్వం వహించిన తొలి మహిళా అధికారి ఆమే. ఇంకో విషయం చాలామందికి తెలియదు. మహిళా అధికారులకు పర్మనెంట్ కమిషన్ ఇవ్వాలంటూ 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఆమె పేరు, ఆమె సేవల ప్రస్తావన ఉన్నాయి. అంటే దేశమంతా ఆమెను టీవీలో చూడకముందే అత్యున్నత న్యాయస్థానం ఆమెను ఉదాహరణగా చూపించింది.

మే 12న ఇండోర్ దగ్గర మహూ ప్రాంతంలోని రాయ్‌కుండా గ్రామంలో సభ జరిగింది. మధ్యప్రదేశ్ గిరిజన సంక్షేమ మంత్రి కున్వర్ విజయ్ షా మాట్లాడారు. మన ఆడబిడ్డల సిందూరం చెరిపేసిన వాళ్లకు, వాళ్ల సోదరినే పంపించి బుద్ధి చెప్పించామన్నది ఆయన మాటల సారాంశం. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఆ బ్రీఫింగ్‌లో కనిపించిన ముస్లిం అధికారి ఒక్కరే. ఉగ్రవాదులకు, ఒక భారత కల్నల్‌కు మతం పేరుతో చుట్టరికం కలిపారన్నదే ఆరోపణ.

వీడియో వైరల్ అయ్యాక విజయ్ షా వెనక్కి తగ్గారు. ఎవరైనా బాధపడితే పదిసార్లు క్షమాపణ చెబుతానన్నారు. సోఫియా తనకు సొంత చెల్లి కంటే ఎక్కువన్నారు. అయితే మొదటి క్షమాపణ చెప్పేటప్పుడు ఆయన ముఖంలో నవ్వు కనిపించడంతో అదీ విమర్శలకు దారి తీసింది. సొంత పార్టీ సీనియర్ నేత ఉమాభారతి కూడా ఆయనను పదవి నుంచి తొలగించాలని డిమాండ్ చేశారు. ఆయనకు ఇలాంటి గొడవ కొత్త కాదు. అప్పటి ముఖ్యమంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ భార్యపై చేసిన వ్యాఖ్యల కారణంగా 2013లో మంత్రి పదవికి రాజీనామా చేశారు. కొన్నాళ్లకే మళ్లీ కేబినెట్‌లోకి వచ్చేశారు.

హైకోర్టు ఎవరూ అడక్కుండానే ఎందుకు కదిలింది?

ఇదే ఈ కేసులో అసలు మలుపు. మే 14న జబల్‌పూర్‌లోని మధ్యప్రదేశ్ హైకోర్టు బెంచ్.. జస్టిస్ అతుల్ శ్రీధరన్, జస్టిస్ అనురాధా శుక్లా.. తమంతట తామే కేసు చేపట్టారు. మంత్రి వాడింది మురికి కాల్వ భాష అని మండిపడ్డారు. సాయంత్రంలోగా ఎఫ్‌ఐఆర్ పెట్టాలని డీజీపీని ఆదేశించారు. ఆ రాత్రే ఇండోర్ జిల్లా మాన్‌పుర్ పోలీస్ స్టేషన్‌లో కేసు నమోదైంది. భారతీయ న్యాయ సంహితలోని 152, 196, 197 సెక్షన్లు పెట్టారు. మామూలు మాటల్లో చెప్పాలంటే దేశ సమైక్యతకు ముప్పు తేవడం, వర్గాల మధ్య విద్వేషం రేపడం, ఒక వర్గం వాళ్ల దేశభక్తిని శంకించేలా మాట్లాడటం.

మర్నాడు హైకోర్టు ఆ ఎఫ్‌ఐఆర్ చూసి ఇంకా గట్టిగా మాట్లాడింది. నిందితుడు ఏం చేశాడో అందులో సరిగా రాయలేదని, తర్వాత కొట్టేయడానికి వీలుగా తయారు చేసినట్టుందని తప్పుపట్టింది. కేసులు ఎలా నీరుగారిపోతాయో తెలిసినవాళ్లకు ఇది అర్థమవుతుంది. ఎఫ్‌ఐఆర్‌లో ఆ మాటలే లేకపోతే, రేపు లాయర్ లేచి నేరం ఎక్కడుందని అడుగుతాడు.

విజయ్ షా సుప్రీంకోర్టుకు వెళ్లారు. మే 19న జస్టిస్ సూర్యకాంత్, జస్టిస్ కోటీశ్వర్ సింగ్ ధర్మాసనం ఆయన క్షమాపణను ఒప్పుకోలేదు. కేసు నుంచి తప్పించుకోవడానికి కార్చే మొసలి కన్నీళ్లా అని అడిగింది. అరెస్టుపై మాత్రం స్టే ఇచ్చింది. మధ్యప్రదేశ్ కేడర్‌లోనే ఉన్నా ఆ రాష్ట్రంలో మూలాలు లేని ముగ్గురు ఐపీఎస్ అధికారులతో, అందులో ఒక మహిళ ఉండేలా సిట్ వేయాలని ఆదేశించింది.

అదే సమయంలో ఇంకో కేసు నడిచింది. సోఫియా బ్రీఫింగ్ గురించి సోషల్ మీడియాలో రాసిన పోస్టులకు అశోకా యూనివర్సిటీ ప్రొఫెసర్ అలీ ఖాన్ మహ్మూదాబాద్‌ను మే 18న హర్యానా పోలీసులు అరెస్ట్ చేశారు. ఆయనపై పెట్టిన సెక్షన్లలోనూ 152, 196 ఉన్నాయి. మే 21న సుప్రీంకోర్టు మధ్యంతర బెయిల్ ఇచ్చింది. సోఫియాను మెచ్చుకునేవాళ్లు, సామాన్య ముస్లింలకు అన్యాయం జరిగినప్పుడు కూడా అంతే గట్టిగా గొంతు విప్పాలన్నది ఆ ప్రొఫెసర్ రాతల్లోని ఒక ప్రధాన వాదన. ఆయన జైలుకు వెళ్లారు, మంత్రి వెళ్లలేదు. ఈ రెండు కేసులను పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు చాలామందే.

అదే వారంలో మరో ఇద్దరు

మే 15న ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ జిల్లాలో సమాజ్‌వాదీ పార్టీ సీనియర్ ఎంపీ రాంగోపాల్ యాదవ్ మాట్లాడారు. విజయ్ షాను తప్పుపడుతూనే మొదలుపెట్టారు. సోఫియాను మతం చూసి తిట్టారని, వ్యోమికా సింగ్ కులం, ఎయిర్ మార్షల్ ఏకే భారతి కులం తెలియక వదిలేశారని అన్నారు. చెప్తూ చెప్తూ ఆ అధికారుల కులాలు కూడా బయటపెట్టేశారు. ఒకరి తప్పు ఎత్తిచూపబోయి అదే గోతిలో పడటం అంటే ఇదే. సైనిక యూనిఫాంను కులం కళ్లద్దాలతో చూడొద్దని ముఖ్యమంత్రి యోగి ఆదిత్యనాథ్ కౌంటర్ ఇచ్చారు. తాను చెప్పింది పూర్తిగా వినకుండా విమర్శిస్తున్నారని రాంగోపాల్ అన్నారు.

మే 16న జబల్‌పూర్‌లో మధ్యప్రదేశ్ ఉప ముఖ్యమంత్రి జగదీశ్ దేవ్‌డా వంతు. దేశం, సైన్యం, జవాన్లు ప్రధాని పాదాలకు నమస్కరిస్తున్నారన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. కాంగ్రెస్ భగ్గుమంది. తన మాటల్ని వక్రీకరించారని, సైన్యం పాదాలకు ప్రజలు నమస్కరిస్తున్నారన్నదే తన ఉద్దేశమని ఆయన వివరణ ఇచ్చారు. భజన ఎక్కువైనప్పుడు వాక్యం ఎటు పోతుందో మాట్లాడేవాళ్లకే తెలియదు.

రాజకీయ నాయకులు ఇంత మాట్లాడినా ఆ అధికారులు తిరిగి మాట్లాడలేరు. ఆర్మీ చట్టంలోని 21వ సెక్షన్, దాని కింద ఉన్న నిబంధనలు సర్వీసులో ఉన్నవాళ్లు మీడియాతో మాట్లాడటాన్ని, రాజకీయ సభలకు వెళ్లడాన్ని కట్టడి చేస్తాయి. రాజ్యాంగంలోని 33వ అధికరణం పార్లమెంటుకు ఆ అధికారం ఇచ్చింది. మామూలు మనిషిని తిడితే ప్రెస్‌మీట్ పెట్టి తిప్పికొడతాడు. కల్నల్‌కు ఆ వీల్లేదు. హైకోర్టు తనంతట తాను కేసు ఎత్తుకున్నప్పుడు చాలామంది హర్షించడానికి ఇదీ ఒక కారణం.

తెలుగు రాష్ట్రాల్లో ఏం జరిగింది?

ఆ యుద్ధంలో తెలుగు నేల కూడా ఒక కొడుకును పోగొట్టుకుంది. శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కళ్లితండాకు చెందిన అగ్నివీర్ మురళీ నాయక్ నియంత్రణ రేఖ దగ్గర పాక్ కాల్పుల్లో వీరమరణం పొందారు. ఏపీ ప్రభుత్వం రూ.50 లక్షలు, 5 ఎకరాల భూమి, ఇంటి స్థలం, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. డిప్యూటీ సీఎం పవన్ కల్యాణ్ సొంతంగా రూ.25 లక్షలు ఇస్తానన్నారు. తండాకు అన్ని పార్టీల నేతలూ వచ్చారు. అక్కడ ఎవరూ నోరు జారలేదు. ఆ మాట కూడా చెప్పుకోవాలి.

మే 29న హైదరాబాద్‌లో కాంగ్రెస్ జైహింద్ సభ పెట్టింది. పాకిస్థాన్ ఎన్ని రఫేల్ విమానాలు కూల్చిందో ప్రధాని చెప్పాలని సీఎం రేవంత్ రెడ్డి నిలదీశారు. పాకిస్థాన్ భాష మాట్లాడుతున్నారని, సైన్యాన్ని అవమానిస్తున్నారని బీజేపీ ఫైర్ అయ్యింది. సరిగ్గా రెండు రోజులకు, మే 31న, సింగపూర్‌లో త్రివిధ దళాధిపతి జనరల్ అనిల్ చౌహాన్ విమానాలు కోల్పోయిన మాట నిజమేనని ఒప్పుకున్నారు. ఎన్ని అన్నది చెప్పలేదు. ఎన్ని పడ్డాయన్నది కాదు, ఎందుకు పడ్డాయన్నదే ముఖ్యమని, తప్పు గుర్తించి సరిదిద్దుకుని మళ్లీ దాడి చేశామని వివరించారు. ఆరు విమానాలు కూల్చామన్న పాక్ మాట పచ్చి అబద్ధమని కొట్టిపారేశారు. రేవంత్ లెక్క అడిగారు, జవాబు లెక్కలో రాలేదు. కానీ నష్టం జరిగిందా అని అడగడమే ద్రోహం అన్న వాదన మాత్రం ఆ రోజుతో పలచబడింది.

దీనికి మూడేళ్ల ముందు కేసీఆర్ కూడా ఇదే సుడిలో చిక్కుకున్నారు. 2016 సెప్టెంబర్‌లో జరిగిన సర్జికల్ స్ట్రైక్స్‌కు ఆధారాలు అడిగిన రాహుల్ గాంధీపై 2022 ఫిబ్రవరిలో అస్సాం సీఎం హిమంత బిశ్వ శర్మ దారుణమైన వ్యాఖ్య చేశారు. మీ తండ్రి ఎవరని మేం ఆధారాలు అడిగామా అన్నారు. భువనగిరి దగ్గర సభలో కేసీఆర్ దాన్ని ఖండించారు. మర్నాడు ప్రగతి భవన్ ప్రెస్‌మీట్‌లో ఇంకో అడుగు ముందుకేసి, రాహుల్ అడిగితే తప్పేంటి, నేనూ అడుగుతున్నా, ప్రూఫ్ చూపించండి అన్నారు. యుద్ధం చేసేది ఆర్మీ, ప్రాణాలిచ్చేది ఆర్మీ, క్రెడిట్ బీజేపీకి ఎందుకన్నది ఆయన పాయింట్. అప్పటి పీసీసీ చీఫ్ రేవంత్ జూబ్లీహిల్స్ పోలీసులకు హిమంతపై ఫిర్యాదు చేశారు. బీజేపీ మాత్రం కేసీఆర్ జవాన్లను అవమానించారని విరుచుకుపడింది.

ఇక్కడ ఒక విషయం గుర్తు చేసుకోవాలి. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో 20 మంది భారత సైనికులు అమరులయ్యారు. వాళ్లకు నాయకత్వం వహించిన కల్నల్ సంతోష్ బాబుది సూర్యాపేట. ఆ కుటుంబానికి రూ.5 కోట్లు, ఇంటి స్థలం, ఆయన భార్యకు గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది కేసీఆర్ ప్రభుత్వమే. మిగతా 19 మంది కుటుంబాలకూ తలా రూ.10 లక్షలు ప్రకటించింది. అదే మనిషి రెండేళ్ల తర్వాత ప్రూఫ్ అడిగితే సైన్యానికి వ్యతిరేకి అనే ముద్ర పడింది. జవాన్ల కుటుంబానికి చెక్కు ఇవ్వడం, ప్రభుత్వాన్ని ప్రశ్న అడగడం.. రెండూ ఒకే నాయకుడు చేయగలడన్న సంగతి డిబేట్లకు పట్టలేదు.

నిజమైన భారతీయుడైతే.. రాహుల్ కేసు ఏంటి?

2022 డిసెంబర్ 9న అరుణాచల్‌లోని యాంగ్‌ట్సే దగ్గర భారత, చైనా సైనికులు తలపడ్డారు. వారం తర్వాత భారత్ జోడో యాత్రలో రాహుల్ గాంధీ, చైనా 2,000 చదరపు కిలోమీటర్లు ఆక్రమించిందని, మన సైనికుల్ని చైనా సైనికులు కొడుతున్నారని అన్నారు. బోర్డర్ రోడ్స్ ఆర్గనైజేషన్ మాజీ అధికారి ఒకరు లక్నో కోర్టులో పరువు నష్టం కేసు వేశారు. రాహుల్ అలహాబాద్ హైకోర్టుకు వెళ్తే చుక్కెదురైంది. వాక్ స్వాతంత్ర్యం ఉంది కానీ సైన్యం పరువు తీసే స్వేచ్ఛ లేదని హైకోర్టు చెప్పింది.

2025 ఆగస్టు 4న సుప్రీంకోర్టులో వింత సన్నివేశం. 2,000 చదరపు కిలోమీటర్లు పోయాయని ఎలా తెలుసు, నిజమైన భారతీయుడైతే ఇలా అనరని జస్టిస్ దీపాంకర్ దత్తా వ్యాఖ్యానించారు. అదే ధర్మాసనం అదే రోజు కేసు విచారణపై స్టే కూడా ఇచ్చింది. హెడ్‌లైన్ మొత్తం మొదటి మాటకే పోయింది, రాహుల్‌కు ఊరట దొరికిన సంగతి కింది లైన్లలోకి జారింది. ఎవరు నిజమైన భారతీయుడో తేల్చడం జడ్జీల పని కాదని ప్రియాంక గాంధీ స్పందించారు.

ఈ కేసులో గట్టిగా ఆలోచించాల్సిన పాయింట్ వేరే ఉంది. సైనికుల్ని కొడుతున్నారు అన్న మాట సైనికుల్ని తిట్టడమా, లేక వాళ్లను ఆ పరిస్థితిలో పెట్టిన ప్రభుత్వాన్ని తిట్టడమా? విన్నవాళ్లకు మొదటిది అనిపించొచ్చు, అన్నవాళ్లు రెండోది అంటారు. మాట ఎంపికలో రాహుల్ నిర్లక్ష్యం కనిపిస్తుంది. కానీ విజయ్ షా మాటకు ఇలాంటి రెండో అర్థం వెతికినా దొరకదు. తేడా అక్కడే.

ప్రశ్న అడిగితే వివరాలు బయటకు వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. గల్వాన్ తర్వాత జవాన్లను ఆయుధాలు లేకుండా ఎందుకు పంపారని రాహుల్ అడిగితే, ఆయుధాలు వాళ్ల దగ్గర ఉన్నాయని, 1996, 2005 ఒప్పందాల ప్రకారం కాల్పులు జరపరని విదేశాంగ మంత్రి జైశంకర్ చెప్పారు. 2024 జూలైలో అగ్నివీర్ కుటుంబానికి పరిహారం అందలేదని రాహుల్ లోక్‌సభలో అన్నప్పుడు రక్షణ మంత్రి రాజ్‌నాథ్ తోసిపుచ్చారు. తర్వాత ఆర్మీయే లెక్క చెప్పింది. మొత్తం సుమారు రూ.1.65 కోట్లలో రూ.98.39 లక్షలు ఇచ్చేశామని, మిగతాది పోలీస్ వెరిఫికేషన్ అయ్యాక వస్తుందని. రాహుల్ చెప్పింది పూర్తిగా నిజం కాదు. అయినా ప్రజలకు లెక్క తెలిసింది ఆ గొడవ వల్లే.

చనిపోయిన జవాన్ల గురించి కూడా..

2013 ఆగస్టులో పూంచ్‌లో ఐదుగురు జవాన్లు చనిపోయినప్పుడు, సైన్యంలో చేరేదే చనిపోవడానికి కదా అని బిహార్ మంత్రి భీమ్ సింగ్ అన్నారు. సీఎం నితీశ్ కుమార్ మందలించడంతో క్షమాపణ చెప్పారు. 2018 జనవరిలో బీజేపీ ఎంపీ నేపాల్ సింగ్ దాదాపు అదే మాట అన్నారు, ఆయనా సారీ చెప్పారు. ముంబై దాడుల్లో అమరుడైన మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్ ఇంటికి వెళ్తే తండ్రి లోపలికి రానివ్వలేదని, 2008లో కేరళ సీఎం అచ్యుతానందన్ చేసిన కుక్క వ్యాఖ్య అయితే కమ్యూనిస్టులకే తలవంపులు తెచ్చింది. ఆయన కూడా తర్వాత విచారం వ్యక్తం చేశారు. ఈ మూడింట్లో ఏదీ విజయ్ షా కేసులా కోర్టులు పట్టించుకునే దాకా వెళ్లలేదు.

ఓట్ల కోసం సైన్యం పేరు

దీనికి ఎన్నికల సంఘం దగ్గర ఒక రూల్ ఉంది. 2013 డిసెంబర్ 4న పార్టీలకు రాసిన లేఖలో సైనికుల ఫొటోలు ప్రకటనల్లో వాడొద్దని చెప్పింది. 2019లో బాలాకోట్ దాడి తర్వాత వింగ్ కమాండర్ అభినందన్ ఫొటోలు పోస్టర్లకు ఎక్కడంతో మార్చి 9న మళ్లీ గుర్తు చేసింది. అయినా ఆగలేదు. భారత సైన్యాన్ని మోదీ సేన అన్నందుకు యోగికి జాగ్రత్తగా మాట్లాడమని చెప్పి వదిలేశారు. మాజీ ఆర్మీ చీఫ్, అప్పటి కేంద్ర మంత్రి వీకే సింగ్ సైతం సైన్యం దేశానిది, ఏ వ్యక్తిదీ కాదన్నారు. తొలిసారి ఓటేసేవాళ్లు తమ ఓటును బాలాకోట్ వీరులకు, పుల్వామా అమరులకు అంకితం చేయాలని ప్రధాని మోదీ లాతూర్ జిల్లాలో అడిగితే ఈసీ క్లీన్ చిట్ ఇచ్చింది. అంతకుముందు 2014లో కార్గిల్ విజయాన్ని మతంతో ముడిపెట్టి మాట్లాడిన ఆజం ఖాన్‌ను మాత్రం యూపీలో ప్రచారం చేయకుండా ఆపేసింది. ఒకరికి బ్యాన్, ఒకరికి సలహా, ఒకరికి క్లీన్ చిట్. కొలబద్ద ఏదో ఓటరుకు అంతుపట్టదు.

మంత్రి మాటకు ప్రభుత్వం బాధ్యత వహించాలా?

2023 జనవరి 3న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దీనికి జవాబు చెప్పింది. కౌశల్ కిశోర్ కేసులో ఐదుగురు జడ్జీల్లో నలుగురు, మంత్రి ఏదో అన్నంత మాత్రాన అది ప్రభుత్వం మాట అయిపోదని తేల్చారు. 19(2)లో ఉన్నవి కాకుండా వాక్ స్వాతంత్ర్యానికి అదనపు ఆంక్షలు పెట్టలేమన్నారు. జస్టిస్ నాగరత్న కొంత విభేదించారు. మంత్రి హోదాలో మాట్లాడింది ప్రభుత్వ వైఖరిని ప్రతిబింబిస్తే ప్రభుత్వానికి ఆపాదించవచ్చన్నారు. ఇక సభలో మాట్లాడే మాటలకు 105వ అధికరణం రక్షణ ఉండనే ఉంది. పార్లమెంటులో ఎంపీ ఏమన్నా కోర్టు కేసు ఉండదు. అదే మాట బయట సభలో అంటే ఎఫ్‌ఐఆర్ రావచ్చు.

ఎఫ్‌ఐఆర్ వచ్చినా విచారణ మొదలు కావడానికి ఇంకో గేటు ఉంది. విద్వేషం రేపే 196 సెక్షన్ లాంటి నేరాల్లో ప్రభుత్వ అనుమతి లేకుండా కోర్టు కేసును విచారణకు తీసుకోదు. అంటే రాష్ట్ర మంత్రిని ప్రాసిక్యూట్ చేయాలా వద్దా అన్నది, ఆయన కూర్చున్న కేబినెట్ నడిపే ప్రభుత్వమే చెప్పాలి.

విజయ్ షా కేసు ఆగింది కూడా సరిగ్గా అక్కడే. ఆయనను మంత్రి పదవి నుంచి తొలగించాలంటూ వేసిన పిటిషన్‌ను 2025 జూలై 28న సుప్రీంకోర్టు విచారణకు తీసుకోలేదు. సరైన క్షమాపణ ఇంకా చెప్పలేదని మాత్రం అదే రోజు ఆయనను తప్పుపట్టింది. దర్యాప్తు చేసిన సిట్ ప్రాసిక్యూషన్‌కు రాష్ట్రాన్ని అనుమతి కోరింది. నెలలు గడిచాయి, జవాబు లేదు. ఆయన మంత్రిగానే కొనసాగారు. 2026 జనవరి 19న సుప్రీంకోర్టు మళ్లీ కేసు చేపట్టి, అనుమతి ఇస్తారో ఇవ్వరో రెండు వారాల్లో తేల్చాలని మధ్యప్రదేశ్ ప్రభుత్వాన్ని ఆదేశించింది.